దుర్భిణి జారిన సాయంత్రం

స్టాండు మీద స్కోపు సరిగ్గా కూర్చుందా లేదా అని నేను పదిసార్లు చూస్తాను. ఆదివారాలు పొద్దున్నే అలిపిరి దగ్గర పిట్టల్ని చూడ్డానికి పోయే మా జట్టులో ఇదొక వేళాకోళం. "మేడం బిగించేలోపల పిట్ట గుడ్లు పెట్టి, పొదిగి, పిల్లల్ని కూడా ఎగరేసేస్తుంది" అంటారు. అనుకోనీ. నాకు ముక్కు మీద కోపం, ఆ సంగతి అందరికీ తెలుసు. కొత్తగా చేరినవాళ్ళెవరైనా పలకను అలా తోసేసి, మీట పూర్తిగా పడిందో లేదో చూడకుండా కన్ను ఆనించబోయారంటే వయసూ వరసా చూడకుండా కసురుతాను. ఒకాయన, రిటైరైన పెద్దాఫీసరు, నేను కసిరినందుకు మొహం మాడ్చుకుని పోయి మళ్ళీ రాలేదు కూడా. పోతే పోనీ. నా భయం నాది.

స్కోపు అంటే మోచేతి పొడవుండే దుర్భిణి. గుట్ట అవతలున్న పిట్టను అరచేతిలోకి తెచ్చి చూపిస్తుంది. అంత దగ్గరికి లాగుతుంది కాబట్టే చేత్తో పట్టుకుని చూస్తే పనికిరాదు, మన ఊపిరికే అందులో లోకమంతా ఊగిపోతుంది. అందుకని మూడు కాళ్ళ స్టాండు. స్టాండు పైన అటూ ఇటూ, పైకీ కిందికీ తిరిగే తల. స్కోపు అడుగున చిన్న చదునైన పలక ఒకటి మరతో బిగించి ఉంటుంది. ఆ పలకను తల మీదున్న గాడిలోకి తోస్తే పక్కనుండే మీట టక్కుమని మూసుకుని దాన్ని పట్టుకుంటుంది. అంతే, ఇందులో పెద్ద విద్యేమీ లేదు. కానీ బరువంతా ఆ గాడి అంచు పట్టుకున్న పట్టు మీదే ఉంటుంది. ఒక సాయంత్రం ఆ పట్టు మీద మా నాయన ప్రాణం ఆధారపడింది.

మా ఊరు పాకాల దాటాక గుట్టల కింద ఉంటుంది. నేను రోజూ పాకాలలో రైలెక్కి తిరుపతి పోయి, కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి, సాయంత్రానికి ఇల్లు చేరతాను. ఇంట్లో అమ్మ, నాయన, నేను. ఊరి చుట్టూ మామిడి తోపులు, చెరుకు, కాలవ కింద కాసిని వరి మళ్ళు. నా చిన్నతనంలో ఏనుగంటే తిరుమల మాడవీధుల్లో వాహనం ముందర పట్టుబట్టలు కప్పుకుని నడిచేదే. దాని తొండం కింద తల పెట్టి దీవెన తీసుకున్నదాన్ని నేను. ఇప్పుడు గుట్టల మీది నుంచి అడవి ఏనుగులు దిగుతున్నాయి. మొదట్లో దూరం ఊళ్ళ నుంచి వార్తలుగా వినిపించేవి, తర్వాత పక్క ఊరికొచ్చాయి, తర్వాత మా చెరుకులోకొచ్చాయి. పక్క ఊర్లో తోటకు పోయిన ఒక రైతు, ఏనుగును చూసి పరిగెత్తాడట. పరిగెత్తకుండా ఉండుంటే బతికేవాడేమో అని ఊరంతా చెప్పుకున్నారు. ఆయన చెప్పులు మాత్రం పొలం గట్టు, గెనిమ మీద దొరికాయట. ఆ మాట విన్నప్పటి నుంచి నాయన పొలం నుంచి రావడం కాస్త ఆలస్యమైతే నేను వీధి మలుపు దాకా పోయి నిలబడతాను.

నాయన పొలంలో ఉన్నంతసేపూ ఏనుగు పేరెత్తడు. 'ఆయప్ప' అంటాడు. ఆయప్ప వచ్చినాడు, ఆయప్ప పైపులన్నీ తొక్కినాడు, అని ఎవరో ఊరి పెద్దమనిషి సంగతి చెప్పినట్టు చెబుతాడు. పేరెత్తితే పిలిచినట్టవుతుందని ఆయన నమ్మకం.

ఊరిని ఆనుకుని పెద్ద బండ ఒకటుంది. దాని మీదికెక్కితే మా పొలాలన్నీ పరిచిన చాపలాగా కనిపిస్తాయి. ఏనుగులు రావడం మొదలయ్యాక నా స్కోపు ఊరి సొత్తయిపోయింది. సాయంత్రమైతే చాలు, ఎవరో ఒకరు వాకిట్లో నిలబడి "పాపా, రోంత బండెక్కి సూడు, మా తోపులో ఏమన్నా కదులుతా ఉండాయేమో" అంటారు. పిట్టల కోసం కొనుక్కున్న దానికి ఇదేం గతిరా భగవంతుడా అని విసుక్కునేదాన్ని. విసుక్కుంటూనే ఎక్కేదాన్ని. లోపల కొంచెం గొప్పగా కూడా ఉండేది, ఎందుకు దాచాలి.

ఆ ఏడు ఆయుధపూజకు నాయన వసారాలో అన్నీ వరసగా పేర్చాడు. కొడవళ్ళు, పార, గడ్డపార, మందు కొట్టే స్ప్రేయరు. "నీ దుర్భిణి కూడా తే మే. మన ఊరికి అదే కదా ఆయుధం" అన్నాడు. మా ఇంట్లో పూజంటే పసుపూ కుంకుమతో సరిపోదు. నాయన ప్రతి వస్తువుకూ నామం దిద్దుతాడు. తిరుమణి అనే తెల్లమట్టిని గిన్నెలో గట్టిగా ముద్ద చేసి, పుల్లతో అటూ ఇటూ తెల్లగీతలు, నడుమ ఎర్రగీత. మోటారు స్టార్టరు పెట్టె మీద ఏళ్ళ నాటి నామాలు ఒకదాని మీదొకటి పేరుకుని చెక్కులు కట్టి ఉంటాయి. స్కోపు సంచి చేతికిచ్చేముందే హెచ్చరించాను.

"నాయనా, అద్దాల మీద మాత్రం ఏమీ పెట్టొద్దు. వేలు కూడా తగలకూడదు. గీత పడిందంటే మళ్ళీ పనికిరాదు."

"నాకు తెలీదా? నేనేమన్నా తిక్కోణ్ణా?"

"పైన రబ్బరు మీద కూడా వద్దు. మరకలవుతాయి."

"సరే మే, సరే. నీ దుర్భిణి నీకు బంగారంగా అప్పజెప్తాలే, పో."

అమ్మ బొరుగులూ బెల్లమూ కలపడానికి పిలిస్తే వంటింట్లోకి పోయాను. తిరిగొచ్చేసరికి స్కోపు సంచిలో భద్రంగా ఉంది. జిప్పుకు ఒక చామంతిపువ్వు గుచ్చి ఉంది. అనుమానంతో బయటికి తీసి అద్దాలు రెండూ వెలుగులో పెట్టి చూశాను. తళతళలాడుతున్నాయి. పైన ఎక్కడా మరక లేదు. ఫరవాలేదే, మాట నిలబెట్టుకున్నాడే అని ముచ్చటేసింది. మళ్ళీ సంచిలో పెట్టేశాను.

పండుగ సెలవులు ఇంకా అయిపోలేదు. ఒక సాయంత్రం, ఇంకా బాగా ఎండ ఉంది, నాయన పొలం నుంచి కాఫీకని ఇంటికొచ్చి గ్లాసు చేతిలోకి తీసుకున్నాడు. వీధిలో కేకలు వినిపించాయి. గుట్ట మీది నుంచి ఏనుగులు దిగి మా వైపు చెరుకులోకి దూరాయని. ఎవరో పళ్ళెం మీద గరిటెతో కొడుతున్నారు. ఫారెస్టువాళ్ళకు ఫోన్ చేస్తే బయల్దేరామన్నారట, వచ్చేసరికి టైము పడుతుంది. అమ్మ గుమ్మంలోకి పరిగెత్తింది.

"ఏమయ్యో, ఆవు! ఆవు కొట్టంలోనే ఉండాది కదా!"

అది సూడి ఆవు. నేడో రేపో ఈనాలి. పొలంలో బావి పక్కన కొట్టంలో గుంజకు కట్టేసి వచ్చాడు నాయన. ఆయన గ్లాసు అరుగు మీద పెట్టి తువ్వాలు తీసుకున్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"యాడికి పోతా ఉండావు? తిక్క పట్టిందా నీకు? ఆవు పోతే పోనీ నాయనా!"

"కట్టేసినోణ్ణి నేను మే. ఇడిసిపెట్టి ఉంటే దాని పాటికి అది యాడికన్నా పరిగెత్తేది. తాడుంటే యాడికి పోతాది? నేను కట్టిన తాడుకు అది సస్తే నాకు ముద్ద దిగతాదా?"

"నీకేమన్నా అయితే మాకు దిగతాదా ముద్ద?"

ఆయన తువ్వాలు తలకు చుట్టి వీధిలోకి దిగాడు. వీధి మలుపు దాకా నేనూ వెంట పడ్డాను, తిడుతూనే. మలుపులో ఆగి నా వైపు తిరిగాడు. చిన్నపిల్లకు నచ్చజెప్పినట్టు చెప్పాడు.

"నువ్వు బండెక్కు. దుర్భిణిలో సూడు. నేను పొలం మొదట్లో కానగసెట్టు కాడ నిలబడుకుంటా. నువ్వు పొమ్మంటే పోతా, వద్దంటే ఎనిక్కి తిరుక్కోనొస్తా. నీమీదాన."

నా మీద ఒట్టేశాక ఇంకేం మాట్లాడను. ఇంటికి పరిగెత్తి సంచీ స్టాండూ భుజానేసుకుని బండెక్కాను. ఎక్కుతుంటేనే ఫోన్ మోగింది. నాయన చేతిలోది బటన్ల ఫోను. నా ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకున్నాను.

స్టాండు కాళ్ళు లాగాను. పల్లం వైపు పొడుగు కాలు పెట్టాను. గాలికి ఊగకుండా సంచిని స్టాండు నడుముకు తగిలించాను. ఇవన్నీ చేతులు వాటంతటవే చేసుకుపోయాయి. పలకను గాడిలోకి తోశాను. రోజూ కంటే కొంచెం బిగుతుగా పోయింది. బిగుతంటే మంచిదే కదా అనుకున్నాను. మీట తిప్పాను. చెవిలో నాయన "ఏమి మే, సూసినావా? పోనా?" అంటూనే ఉన్నాడు. మీట శబ్దం వినిపించిందనే అనుకున్నాను.

కన్ను ఆనించాను. ముందు బావి, మోటారు గది. వాటికవతల చెరుకు. గాలి లేదు గానీ ఒకచోట చెరుకు ఊగుతోంది. ఊగుతున్న చోట మట్టి పూసుకున్న వీపొకటి పైకి తేలింది. దాని పక్కన ఇంకోటి.  

"చెరుకులో ఉండాయి నాయనా. బాయికి అవతల, బాగా లోపల. మేస్తా ఉండాయి. కొట్టం కాడ ఏమీ లేవు."

"అయితే పోతా ఉండా."

"బిన్నా పో. బిన్నా వచ్చెయ్."

మళ్ళ నడుమ గెనిమ మీద ఆయన తెల్లపంచె కదలడం స్కోపులో చూస్తూ ఉన్నాను. పరిగెత్తడం లేదు, వేగంగా నడుస్తున్నాడు, ఒక చేత్తో పంచె ఎగదోసుకుని, ఒక చేత్తో ఫోన్ చెవిన పెట్టుకుని. మెడ మీది నరాలు కూడా కనిపిస్తున్నంత దగ్గర. చెయ్యి చాస్తే అందేటట్టున్నాడు. కొట్టం చేరాడు. తాడు విప్పాడు. ఆవు కదలలేదు. నాయన లాగుతున్నాడు, అది ముందుకాళ్ళు తన్నిపెట్టి నిలబడిపోయింది.

అప్పుడు గమనించాను. ఆవు చెరుకు వైపు చూడటం లేదు. దాని చెవులు రెండూ ఎడమ పక్క మామిడి తోపు వైపు నిక్కి ఉన్నాయి.

స్కోపును తోపు వైపు తిప్పాను. చెట్ల మొదళ్ళు, వాటి నీడలు. ఒక నీడ చెవి ఆడించింది.  అది ఒంటరి ఏనుగు. దంతాలున్నది. మామిడి కొమ్మల కింద నుంచి తాపీగా కొట్టం వైపే నడుస్తోంది. అది పల్లంలోకి దిగుతుంటే దాన్ని వదలకూడదని స్కోపు ముక్కును కిందికి వంచాను.

స్కోపులో ఏనుగు ఒక్కసారిగా పైకెగిరింది. తర్వాత వరి మళ్ళు, తర్వాత బండ రాయి. ఒక క్షణం నాకేం జరిగిందో అర్థం కాలేదు. స్కోపు పలకతో సహా గాడిలోంచి జారిపోతోంది. రెండు చేతులతో వాటేసుకున్నాను. మోచెయ్యి బండకు కొట్టుకుని చర్మం లేచిపోయింది. ఫోన్ కింద పడింది. స్టాండు పక్కకొరిగి గలగలమంటూ బండ కిందిమెట్టులోకి దొర్లిపోయింది.

ఫోన్ బండ మీద పడి కూడా మాట్లాడుతోంది. "ఏమయ్యింది మే? ఏందా సప్పుడు? యాడుండాడు ఆయప్ప? సూస్తా ఉండావా?"

ఫోన్ అందుకుని ఉత్త కళ్ళతో పొలం వైపు చూశాను. పొద్దు వాలుతోంది, ఎండ కళ్ళలోకే కొడుతోంది. కొట్టం కప్పు అగ్గిపెట్టంత కనిపిస్తోంది. తెల్లపంచె లేదు. తోపంతా ఒకటే నలుపు. అందులో ఏది చెట్టో, ఏది నీడో, ఏది ఏనుగో ఎవరు చెప్పగలరు? చూడట్లేదు అని చెబితే నాయన పరిగెత్తుతాడు. పక్క ఊరాయన గుర్తొచ్చాడు.

"సూస్తా ఉండా" అన్నాను.

 ఇంకోసారి అన్నాను. "సూస్తా ఉండా నాయనా. తోపులోంచి ఒకడు వస్తా ఉండాడు. గోడ సాటుకు పో. ఆవును కూడా లాగు. పరిగెత్తొద్దు. నేను సెప్పేదాకా కదలొద్దు."

కొట్టానికి తోపు వైపు మట్టిగోడ ఉంది. మిగతా మూడు పక్కలూ ఖాళీ. ఆ గోడొక్కటే నాకు గుర్తొచ్చింది. అవతల నుంచి "ఊఁ" అన్నాడు, అంతే. తర్వాత తాడు లాగిన శబ్దం, ఆవు గిట్టల శబ్దం, ఆయన ఊపిరి.

స్కోపును చేత్తో పట్టుకుని చూడబోయాను. ఏం కనబడుతుంది? పచ్చగా ఏదో, మట్టిరంగు ఏదో, అన్నీ దడదడలాడిపోతున్నాయి, నా గుండె కొట్టుకున్నప్పుడల్లా లోకం ఎగిరిపడుతోంది. బండ మీద ఆనించి చూశాను. బండ వాలు ఎటో, నా పొలం ఎటో. ఆకాశం తప్ప ఏదీ దొరకలేదు. నాకు ఏడుపొచ్చింది. కళ్ళు మసకబారితే అసలుకే మోసమని పళ్ళు బిగించి ఏడుపు మింగేశాను.

అసలెందుకు జారింది ఈ దరిద్రం, ఎప్పుడూ జారనిది, అని తిరగేసి చూశాను.

పలక అడుగున నామం ఉంది.

తెల్లగీతలు రెండు, నడుమ ఎర్రగీత, కింద పాదం కూడా దిద్దాడు. మందంగా, గోడకు సున్నం కొట్టినట్టు. అద్దాల మీద వద్దన్నాను, రబ్బరు మీద వద్దన్నాను. పాపం, మనిషి వెతికి వెతికి, ఎవరికీ కనబడని చోటు, చదునైన చోటు చూసుకుని దిద్దాడు. అది ఎండి రాయిలా గట్టిపడింది. దాని మందానికి పలక గాడిలో పూర్తిగా దిగలేదు, మీట సగం దగ్గరే ఆగిపోయింది. ఆ బిగుతంతా తిరుమణి బిగుతే. స్కోపు ముక్కు కిందికి వంచేసరికి బరువు ముందుకు పడి, గీతలు పగిలి, పలక ఊడొచ్చింది.

ఓరి నాయనో అనుకున్నాను. కోపమొచ్చింది, చెప్పలేనంత కోపం. ఆ కోపం ఎవరి మీద చూపించాలి? ఆ మనిషి అక్కడ గోడ చాటున నిలబడి ఉన్నాడు. చీర కుచ్చిళ్ళకు పెట్టుకున్న పిన్నీసు ఊడదీసి గోకడం మొదలుపెట్టాను. స్వామీ, తండ్రీ, నీ నామాన్ని గోకేస్తున్నాను, తప్పు కాయి, తప్పు కాయి అని లోపల అనుకుంటూ, పైకి ఫోన్లో, "సూస్తా ఉండా నాయనా. అట్లే ఉండు. ఆడే ఉండాడు. కదలొద్దు" అంటూ. చెక్కులు చెక్కులుగా ఊడింది. గోళ్ళతో కూడా పీకాను. పిన్నీసు వేలికి దిగబడిందని తర్వాత ఇంటికి పోయాక తెలిసింది.

ఆయన మాట్లాడటం మానేశాడు. మొదట "ఊఁ" అనేవాడు, తర్వాత అదీ లేదు. ఊపిరి కూడా వినిపించడం లేదు. ఫోన్ పెట్టేశాడా అంటే లేదు, ఏదో దూరంగా, కొమ్మ విరిగిన శబ్దం వచ్చింది. రేకు మీద ఏదో రాసుకున్న శబ్దం. మా ఇంట్లో ధాన్యం బస్తా నేల మీద లాగితే వచ్చేలాంటి బరువైన శబ్దం. నేను గోకడం ఆపలేదు. 

"సూస్తా ఉండా. నేను సూస్తా ఉండా."

ఇంకేం చెప్పడానికీ నా దగ్గర లేదు. అదొక్కటే మళ్ళీ మళ్ళీ చెప్పాను, చెబుతూనే పిర్రల మీద జారుతూ బండ కిందిమెట్టులోకి దిగాను. స్టాండు ఒక కాలి మడతమీట విరిగింది. ఆ కాలును పొట్టిగానే వదిలేసి, దాని కింద రాయి పెట్టి ఎగదోశాను. పలక కొంగుతో తుడిచాను. గాడిలో ఊదాను. తోశాను. ఈసారి తేలిగ్గా, చివరిదాకా పోయింది. మీట పూర్తిగా పడింది. భయంతో చచ్చిపోతున్నా సరే, స్కోపును పట్టుకుని గట్టిగా పైకి లాగాను. స్టాండుతో సహా లేచింది కానీ ఊడలేదు. వంచాను. జారలేదు. కన్ను ఆనించాను.

కొట్టం దొరికింది. గోడ దొరికింది. గోడకు ఇవతల మా నాయన, వీపు గోడకు అంటించి, ఒక చేత్తో ఆవు మూతి మూసి పట్టుకుని ఉన్నాడు. ఇంకో చెయ్యి ఫోన్ను చెవికి అదిమి పట్టుకుంది. కళ్ళు మూసుకుని ఉన్నాడు. గోడకు అవతల, గోడ పైనుంచి, ఏనుగు తల.

వాకిలి వెడల్పంత దూరం కూడా లేదు. తొండం ఎత్తి రేకుల కప్పు మీద పరిచిన వరిగడ్డి లాక్కుని మోకాలికేసి దులుపుకుని తింటోంది. గడ్డిపరకలు నాయన భుజం మీద రాలుతున్నాయి. ఆయన వాటిని దులుపుకోవడం లేదు.

  ఇంతసేపూ ఏమీ చూడకుండా వాగినదాన్ని, ఇప్పుడు అంతా కనబడుతుంటే నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. ఏదైనా చెబితే ఫోన్లోంచి ఆ మాట దానికి కూడా వినిపిస్తుందేమో అనిపించింది. మాట్లాడకపోతే నాయన ఏమనుకుంటాడో అనిపించింది. ఆయన పెదాలు కదిలాయి. గోవిందా అనుకున్నాడో, నన్నే పిలిచాడో.

ఏనుగు గడ్డి చాలించింది. తొండం గోడ మీద ఆనించి ఆ చివర నుంచి ఈ చివర దాకా వాసన చూసింది. చెరుకులో ఉన్నవాటిలో ఏదో ఘీంకరించింది, బండ మీదున్న నాకూ వినిపించింది. ఇది తల తిప్పింది. కాసేపు ఆలోచించినట్టు నిలబడి, గోడ పక్క నుంచి బావి మీదుగా చెరుకు వైపు పోయింది. దాని వెనకభాగం చెరుకులో కలిసేదాకా చూసి, అప్పుడు ఫోన్లో చెప్పాను.

"పొయ్యినాడు నాయనా. రా. ఇంక రా."

ఈసారి ఆవు కూడా మొండికేయలేదు. గెనిమ మీద ఇద్దరూ ఒకరి వెంట ఒకరు రావడం చూస్తూనే స్టాండు ఎత్తి భుజానేసుకుని దిగాను.  పలక కింద నామం సంగతి ఇంతవరకూ ఆయనకు చెప్పలేదు, చెప్పను కూడా.

కానగచెట్టు దగ్గర ఎదురయ్యాడు. మొహం వెలిగిపోతోంది. పెళ్ళిలో గంధం పూయించుకున్నవాడిలా ఉన్నాడు. తలలో గడ్డిపరకలు. ఎన్నడూ పొగడని మనిషి నా వీపు మీద చరిచాడు.

"ఏం కూతురివి మే! ఆయప్ప నా నెత్తిన నిలబడుకున్నాడు, తెల్సా? ఊపిరి తగిల్నాది నాకు. అయినా నాకు రోంత కూడా బయం కాలా. ఎందుకైతాది? నువ్వు సెవిలో సెప్తానే ఉండావు కదా, సూస్తా ఉండా, సూస్తా ఉండా అని. నా కూతురు సూస్తా ఉండాది, ఏమన్నా అయితే సెప్తాదిలే అని కండ్లు మూసుకోని నిలబడుకుండినా."

నేను ఊరుకుని ఉండాల్సింది. కానీ ఆ నవ్వు చూసేసరికి ఇంతసేపూ అణచిపెట్టుకున్నదంతా పొంగుకొచ్చింది. ఏడుస్తూ అరిచాను.

"ఏం సూసినాను! నేనేం సూసినాను నాయనా? దుర్భిణి పడిపొయ్యింది! నాకేమీ కనపడలా! నువ్వు బతికుండావో లేదో కూడా తెలీకుండా, నువ్వు పరిగెత్తుతావేమో అని ఊరికే సెప్పినా, ఉత్తదే సెప్పినా!"

ఆయన మొహంలో నవ్వు ఒక్కసారిగా పోలేదు. మెల్లగా పోయింది. తాడు చేతిలోంచి జారింది. కానగచెట్టు మొదట్లో కూలబడ్డాడు. అప్పుడు వణకడం మొదలుపెట్టాడు, ముందు చేతులు, తర్వాత గడ్డం. నా జన్మలో మా నాయన వణకడం చూడలేదు. సంచిలోని నీళ్ళ బాటిల్ తీసి ఇస్తే పట్టుకోలేక పంచె మీద పోసుకున్నాడు. నన్ను తలెత్తి చూసి, చాలా చిన్న గొంతుతో అడిగాడు.

"అంటే ఆడ నేనొక్కణ్ణే ఉండినానా?"

నేను ఆయన పక్కన కూర్చున్నాను. ఫారెస్టువాళ్ళ జీపు వచ్చి, టపాకాయల మోత మొదలై, చెరుకులోంచి ఏనుగులు గుట్ట వైపు మళ్ళేదాకా అక్కడే కూర్చున్నాం. ఆవు మా ఎదురుగా నిలబడి నెమరేసుకుంది.

ఆవు ఈనింది, కోడెదూడ. ఏనుగులు ఆ తర్వాత కూడా వచ్చాయి, పోయాయి. నేను స్టాండుకు కొత్త మీట వేయించాను. ఊరివాళ్ళు పిలిస్తే ఇప్పటికీ బండెక్కి చూస్తాను. నాయన మాత్రం అంతకుముందులా లేడు. పట్టపగలు మడికి నీళ్ళు కట్టడానికైనా సరే, ఒక్కడే పోలేడు. గడపలో చెప్పులేసుకుని నిలబడతాడు.

"పాపా, నువ్వూ రా."

"దుర్భిణి తెచ్చుకోనా? బండ మీద నుంచి సూస్తా ఉంటా."

"వద్దు. నువ్వు నా పక్కన నడువు."